కార్క్ బాల్ గొప్పెంత, నల్లరేగడి గొప్పెంత?

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో యాభై దాటిన నలుగురు టీ కొట్టు దగ్గర చేరి, ఎదురుగా పిల్లలు టెన్నిస్ బాల్‌తో ఆడుతుంటే, మాట కార్క్ బాల్ మీదికి మళ్లడానికి ఎంతోసేపు పట్టదు. "ఇదేం ఆట రా! అప్పట్ల కార్క్ బాలంటే బుస్సుమని వస్తాండె. ఎదురుగ నిలబడినోనికే తెలుస్తుంది" అంటారు. ఎర్రరంగు పూసి, మధ్యలో అచ్చు గుద్దిన కుట్టుతో ఉండే ఆ బంతికి లేని మహత్యం లేదు. స్వింగయ్యేది, లేచేది, తిరిగేది, భయం పోగొట్టేది. ఇందులో కొంత నిజం ఉంది. మిగతా పొగడ్త చాలావరకు బంతికి కాదు, అది పడిన నేలకు దక్కాల్సింది.

అపోహ: కార్క్ బాల్ అంటే మొత్తం కార్కే

కార్క్ అనేది మధ్యధరా సముద్రపు దేశాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును నరకరు. దాదాపు తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు, అది మళ్లీ పెరుగుతుంది. ప్రపంచానికి కావలసిన కార్క్‌లో సగం దాకా ఒక్క పోర్చుగల్ నుంచే వస్తుంది. దాని లోపలంతా గాలి నిండిన సన్నని గదులు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఈ గదులకే. అంత గాలి ఉంది కాబట్టే అది అంత తేలిక.

ఇప్పుడు చిన్న లెక్క. క్రికెట్ బంతి చుట్టుకొలత 22.4 సెంటీమీటర్లు అనుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 190 ఘన సెంటీమీటర్లు. అంతా కార్కే అయితే బరువు 40 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి, అంటే టెన్నిస్ బాల్ కంటే తేలిక. అలాంటిది విసిరితే గాల్లోనే ఆగిపోతుంది, ఎవరి పక్కటెముకలూ కదలవు. మనం కొన్న కార్క్ బాల్ కార్క్ పొడిని, రబ్బరును కలిపి వేడి అచ్చులో నొక్కింది. ఆ బరువూ ఆ గట్టిదనమూ ఆ కలపడంలోంచి వచ్చినవే.

అసలు కార్క్ ముక్క ఉన్నది లెదర్ బాల్ నడిమధ్యలో. దాని మీద ఉన్నిదారం బిగించి పొరలు పొరలుగా చుట్టి, పైన తోలు కప్పి, ఆరు వరుసల కుట్టు వేస్తారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టిన చేతులకు ఈ పని చెప్పకుండానే అర్థమవుతుంది: చుట్టేటప్పుడు బిగువు ఎక్కడ సడలినా సరుకు చెడుతుంది. పురుషుల ఆటలో బంతి 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలని నిబంధన. ఆ బరువును ఆ పరిమాణంతో భాగించి చూడండి. లెదర్ బాల్ కూడా నీళ్లలో తేలుతుంది. బావిలో పడిన బంతి ఎందుకు మునగలేదని ఆశ్చర్యపోయినవాళ్లకు జవాబు ఇదే.

అపోహ: కార్క్ బాల్ స్వింగ్ అయినట్టు ఏదీ కాదు

టీ కొట్టు దగ్గర అందరికంటే గట్టిగా వినబడే మాట ఇదే, అందరికంటే బలహీనమైనదీ ఇదే.

స్వింగంటే నేలను తాకకముందే గాల్లో బంతి పక్కకు ఒరగడం. ఎగిరే బంతిని పల్చటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. సీమ్‌ను, అంటే బంతి కుట్టును, కాస్త ఏటవాలుగా పట్టి వేస్తే, ఒక పక్క ఆ పొర ఉబ్బెత్తు కుట్టుకు తగిలి చెదిరిపోతుంది. విచిత్రం ఏమిటంటే, చెదిరిన గాలే బంతిని ఎక్కువసేపు వదలదు. నున్నటి పక్క గాలి మాత్రం ముందే విడిపోతుంది. ఈ తేడా వల్ల బంతి వెనక గాలి ఒక వైపుకు మళ్లుతుంది, బంతి దానికి ఎదురువైపుకు, అంటే సీమ్ చూపిన దిక్కుకు నడుస్తుంది. నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన రవీంద్ర మెహతా 1985లో ఆటబంతుల గాలినడక మీద రాసిన వ్యాసంలో, గంటకు 110 కిలోమీటర్ల ప్రాంతంలో, సీమ్ 20 డిగ్రీలు ఒరిగి ఉన్నప్పుడు కొత్త బంతి మీద పక్కతోపు ఎక్కువగా ఉంటుందని వివరించారు.

దీనికంతటికీ ఆయువుపట్టు ఉబ్బెత్తు కుట్టు. కార్క్ బాల్‌కు ఉన్నది కుట్టు కాదు, కుట్టులాంటి అచ్చు. కొత్తగా ఉన్నప్పుడే అంతంతమాత్రం, రెండు రోజులు గరుసునేల మీద ఆడితే అదీ చెరిగిపోతుంది. ఇక ఒక పక్క మెరుపు, ఒక పక్క గరుకు అనే తేడా ఉండాలంటే ఒక పక్కనే తుడిచి కాపాడుకోవాలి. రంగు ఊడిన కార్క్ బాల్ అన్ని వైపులా ఒకేలా గరుకెక్కుతుంది. ప్యాంటుకు ఎంత రుద్దినా పాడయ్యేది ప్యాంటే.

మరి కళ్లారా చూసింది అబద్ధమా? కాదు. బంతి కదిలింది, కానీ గాల్లో కాదు, నేలను తాకాక. అది వేరే సంగతి, ఈ ప్రాంతానికి సొంతమైన సంగతి కూడా.

అపోహ: ఆ ఎగురుడు, ఆ తిరుగుడు బంతిలోనే ఉండేవి

ఆదోని చుట్టుపక్కల పత్తి పండే నల్లరేగడి ఎలాంటిదో రైతును అడగక్కర్లేదు, ఏప్రిల్‌లో చెప్పులు లేకుండా నడిచిన ఎవరినడిగినా చెబుతారు. ఆ మట్టిలోని బంక నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. జొన్న కోసేశాక ఖాళీ అయిన చేలో మూడు కర్రలు పాతి ఆడిన ఆటలో పిచ్ అంటే బీటలు, మోళ్లు, అక్కడక్కడా గట్టిపడిన గడ్డలు. బీట అంచుకు తగిలిన బంతి కాళ్లలోకి దూరేది, గడ్డకు తగిలింది గడ్డం దాకా లేచేది. బౌలరుకు ఏం జరగబోతోందో తెలియదు, బ్యాటరుకు అంతకంటే తెలియదు. వికెట్ పడగానే "చూస్తివా, ఎట్ల తిప్పినానో" అనడం మాత్రం బౌలరు వంతు.

గమనించాల్సింది ఇంకోటుంది. అదే నల్లమట్టిని చాళ్లు వేయకుండా, పొరలుగా పరిచి, తడిపి, రోజుల తరబడి రోలర్ తిప్పితే రాయిలా బిగుస్తుంది. మన దేశంలో పెద్ద మైదానాల పిచ్‌లు కూడా నల్లమట్టితోనో ఎర్రమట్టితోనో చేసినవే. నల్లమట్టి తేమను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఆట ముదిరేకొద్దీ బంతి కిందికి ఉండిపోతుంది. ఎర్రమట్టి మొదట్లో బాగా ఎగరనిస్తుంది, ఎండి పొడి రాలేకొద్దీ స్పిన్నరుకు కలిసొస్తుంది. ఆదోని కుర్రాడు శపించిన నేల, టెస్టు మైదానం క్యూరేటరు కోరి తెప్పించుకునే నేల ఒకే జాతివి. మధ్యలో తేడా రోలరూ నీళ్లూ.

కాలేజీ జట్లు, ఊళ్ల టోర్నమెంట్లు ఆడేవాళ్లు గట్టి నేల మీద మ్యాట్ పరిచి ఆడేవారు. మ్యాట్ మీద బంతి పట్టు దొరికించుకుంటుంది. కట్టర్లు, స్పిన్ బాగా పనిచేస్తాయి, ఎగురుడు కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఇది మన ఊళ్ల ముచ్చటే కాదు. 1952 అక్టోబరులో లక్నోలో జనపనార మ్యాట్ మీద జరిగిన టెస్టులో ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీసి పాకిస్థాన్‌కు మొదటి టెస్టు గెలుపు తెచ్చాడు. అక్కడ ఆడింది లెదర్ బాల్‌తోనే. ఆ మ్యాట్ మీద మన కుర్రాళ్లు కార్క్ బాల్ వేసినా తిరిగేది, ఆ ఘనత మాత్రం బంతి ఖాతాలో పడేది.

కార్క్ బాల్‌కు న్యాయంగా ఇవ్వాల్సింది ఇస్తాను. రబ్బరు కలిసిన గట్టి బంతి కాబట్టి గట్టి నేల మీద చురుగ్గా లేస్తుంది, వేగం పెద్దగా కోల్పోదు. "బుస్సుమని రావడం" కల్పన కాదు. ఎటు వస్తుందన్నదే దాని చేతిలో లేదు.

ఇదే పాట వేరే దేశంలో

అమెరికా వెళ్లిన మనవాళ్లు ఆఫీసు పార్టీల్లో పది పిన్నుల బౌలింగ్ ఆడే ఉంటారు. అక్కడి పాతకాపులకు 1980ల నాటి యురేథేన్ తొడుగు బంతులంటే ఇలాంటి మమకారమే. 1990ల మొదట్లో రియాక్టివ్ రెసిన్ బంతులు వచ్చి వాటిని వెనక్కి నెట్టాయి. కొత్తవి 60 అడుగుల దారి చివర్లో చటుక్కున మలుపు తిరుగుతాయి. యురేథేన్‌వి ముందునుంచే నెమ్మదిగా, నమ్మకంగా వంగుతాయి. "పాతదానికి ప్రాణం ఉండేది" అంటారు వాళ్లు. కానీ అప్పట్లో దారులు చెక్కవి, వాటి మీద పూసే నూనె తక్కువ. ఇప్పుడు సింథటిక్ దారులు, నూనె ఎక్కువ. పాత బంతిని ఇవాళ్టి దారి మీద దొర్లిస్తే పాత నడక రాదు. 1973లో డాన్ మెక్యూన్ అనే ఆటగాడు బంతిని రసాయనంలో నానబెట్టి పైతొడుగు మెత్తబరిచి, ఆ ఏడాది గెలుపు మీద గెలుపు సాధించాక, తొడుగు ఎంత గట్టిగా ఉండాలన్న నిబంధనే వచ్చింది. అక్కడ కూడా బంతి పేరు కంటే తొడుగు గట్టిదనం, దారి మీది నూనె ఎక్కువ మాట్లాడతాయి.

మబ్బు పడితే బంతి స్వింగవుతుందా?

గాలిలో తేమకు బంతి ఉబ్బి, అందుకే స్వింగవుతుందని వ్యాఖ్యాతలు కూడా అంటుంటారు. 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వేర్వేరు తేమల్లో ఉంచిన బంతుల ఆకారాన్ని కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. పైగా తేమగాలి పొడిగాలి కంటే బరువైనదన్న నమ్మకం తలకిందులు, నీటి ఆవిరి గాలి కంటే తేలిక. ఎండలేని పూట వేడి నేల నుంచి లేచే సుడులు తగ్గి గాలి నిలకడగా ఉండటం ఒక కారణం కావచ్చని ఆ అధ్యయనం చేసినవాళ్లు సూచించారు. కార్క్ బాల్‌కైతే ఈ చర్చే అక్కర్లేదు.

అపోహ: కార్క్ బాల్ దెబ్బలు తింటే భయం పోతుంది

పోదు, దాక్కుంటుంది. లెదర్ బాల్‌లో దారం చుట్టలు దెబ్బకు కొంచెం లోపలికి నొక్కుకుంటాయి. అచ్చు గుద్దిన ముద్దకు ఆ ఇమిడే గుణం తక్కువ. అలాంటి బంతిని ప్యాడ్లు, హెల్మెట్ లేకుండా, ఎటు లేస్తుందో తెలియని నేల మీద పదేళ్ల పిల్లవాడికి వేయించడం ధైర్యం నేర్పడం కాదు. వాడు నేర్చుకునేది స్క్వేర్‌లెగ్ వైపు అడుగు జరపడం. ఆ అలవాటు ఇరవై ఏళ్లు వచ్చినా వదలదు. బ్యాటుదీ అదే గతి. విల్లో చెక్క మెత్తనిది. లెదర్ బాల్‌కని నొక్కి, నూనె పట్టించి తయారు చేసినదాన్ని కార్క్ బాల్ ముందు పెడితే అంచులు చిట్లుతాయి.

మరి ఎందుకు ఆడారు? చవక, అంతే. లెదర్ బాల్ గరుసునేల మీద పడితే మెరుపు పూటలో పోతుంది, వానకు తడిస్తే బరువెక్కి ఆకారం చెడుతుంది, కుట్టు తెగితే పనికిరాదు. కార్క్ బాల్‌కు ఈ బాధలేవీ లేవు. పదకొండు మంది చందా వేసుకుని కొన్న బంతి సెలవులన్నీ ఆగాలి కదా. ఆ లెక్కలో దానికి సాటి లేదు.

స్వింగే కావాలనుకునే పెద్దలు మాత్రం, తాము చీదరించుకునే టెన్నిస్ బాల్‌నే చేతిలోకి తీసుకోవాలి. దాని బరువు 56 నుంచి 59.4 గ్రాములు. గాలి పక్కనుంచి నెట్టే తోపు అంతే ఉన్నా, బరువు మూడో వంతే కాబట్టి ఎక్కువ ఒరుగుతుంది. ఒక సగానికి ఎలక్ట్రికల్ టేపు నున్నగా చుట్టి, రెండో సగం నూగుతో వదిలేయండి. మామూలు వేగంలో నూగున్న వైపుకే వంగుతుంది. నూగును స్లిప్ వైపు పట్టి వేస్తే అవుట్‌స్వింగర్, కాళ్ల వైపు పట్టి వేస్తే ఇన్‌స్వింగర్.