బోరుకు పైసలు పంపే ముందు ఊరి వాన లెక్క అడగండి

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ క్యాంపుల్లో ఉండే మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ అన్నలకు జీతం పడిన వారంలో ఇంటి నుంచి రెండు రకాల ఫోన్లు వస్తుంటాయి. "వానలు పడ్డయ్, విత్తనాలకు పైసలు పంపు" అనేది ఒకటి. "పొలం ఎండుతున్నది, ఇంకో బోరు వేద్దాం" అనేది రెండోది. రెండూ నిజమైన అవసరాలే. కానీ మీరు పంపే పైసలు పంటగా మారతాయా, అప్పుగా మిగులుతాయా అన్నది వాన ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు, ఎట్లా పడిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

వాన పడిన తీరు చూడాలి

తెలంగాణలో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలతోనే వస్తుంది. ఇక్కడ మీకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపే జూన్ 15 - సెప్టెంబర్ 15 రోజులే అక్కడ వానాకాలం పంటకు కీలకం.

2023 సంగతి చూడండి. జులై చివర్లో నిజామాబాద్ జిల్లా వేల్పూరులో ఒక్కరోజులోనే దాదాపు 46 సెంటీమీటర్ల వాన పడింది. తర్వాత రెండు రోజులకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. సీజన్ మొత్తం కలిపితే తెలంగాణకు లోటు లేదు. పంట ఎదిగే టైంలో మాత్రం చినుకు కరువైంది.

కుండపోతగా పడిన నీళ్లలో ఎక్కువ భాగం వాగుల్లో కొట్టుకుపోతుంది. విడతలుగా పడితేనే చెరువు నిలిచి, నీళ్లు మెల్లగా భూమిలోకి దిగి బోరుకు చేరతాయి.

2023 ఎల్ నినో ఏడాది కూడా. పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకంటే వేడెక్కడాన్నే ఎల్ నినో అంటారు. అప్పుడు మన రుతుపవనాలు బలహీనపడే అవకాశం ఎక్కువ, ఖాయమని మాత్రం కాదు. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర్లో ఇంకోసారి సీజన్ అంచనా చెప్తుంది. అది దేశం లెక్క. మీ మండలం లెక్క వేరేగా ఉండొచ్చు.

బోరు లోతు పెంచితే నీళ్లు పడతాయా?

మన దగ్గర చాలాచోట్ల భూమి కింద గ్రానైట్ లాంటి గట్టి రాయి ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే నిలుస్తాయి. పగులు తగలకపోతే ఇంకో వంద ఫీట్లు దింపినా ఫలితం ఉండదు. ఎండాకాలంలో నీటి మట్టం బాగా కిందికి పోతుంది. అప్పుడు నీళ్లు పడితే ఆ బోరు నిలుస్తుందని పెద్దలు అనేది నిజమే. పడకపోతే మాత్రం పంటా పోతుంది, పైసలూ పోతాయి.

కాలువ కింద భూమి ఉన్నవాళ్లు ఎస్సారెస్పీ మట్టం చూసుకోవాలి. నిండు మట్టం 1,091 అడుగులు. ఆ నీళ్లు ఎక్కువగా పైన మహారాష్ట్రలో పడే వానతో వస్తాయి. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం బాబ్లీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంటాయి. అందుకే అక్టోబర్ చివర్లో ప్రాజెక్టులో ఎంత నీరుందో చూస్తే యాసంగి మీద ఒక అంచనాకు రావొచ్చు.

పైసలు పంపే ముందు అడగాల్సినవి

విత్తనాలకైతే: "మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు పడ్డది?" అని అడగండి. వాన మీదే ఆధారపడ్డ పత్తి, మక్కకు 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తనం పెట్టాలని వ్యవసాయ అధికారులు చెప్తారు. తొలకరికే పెడితే రెండోసారి విత్తనం కొనాల్సి రావొచ్చు.

బోరుకైతే: "పక్క పొలాల్లో బోర్లు ఎట్లా పోస్తున్నయ్? ఈ ఏడు ఎన్ని ఫెయిలైనయ్?" అని అడగండి. ఉన్న బోరు తక్కువ పోస్తుంటే యాసంగిలో వరి తగ్గించి ఆరుతడి పంట వేయడం కొత్త బోరు కంటే చవక.

కోతలప్పుడైతే: టార్పాలిన్లకు పైసలు ముందే పంపండి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో చెడగొట్టు వానలు, వడగళ్లు వస్తే ఆరబోసిన పసుపు, కల్లంలో వడ్లు తడుస్తాయి. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ పరిమితి 17 శాతం.

నష్టం జరిగితే: పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే ప్రభుత్వ లెక్కలోకి వస్తుంది. పొలం ఫొటోలు తీసి, వెంటనే ఏఈఓకు చెప్పమనండి. ఏ పంట వేశారో సీజన్ మొదట్లోనే ఏఈఓ దగ్గర నమోదు చేయించాలి.

మేఘదూత్ యాప్‌లో ప్రతి మంగళ, శుక్రవారాల్లో మీ జిల్లాకు వాతావరణ సలహాలు వస్తాయి. క్యాంపులో ఉండి మీరూ చూడొచ్చు. ఇంటివాళ్లు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్య ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు, ఖర్చు లేదు.

ఇట్లా అడిగితే మీ మీద నమ్మకం లేదా అని ఇంట్లో బాధపడొచ్చు. పొలం మీద ఉన్నవాళ్లకు ఊరి సంగతి తెలుసు, మీకు చేతిలో పైసలెన్ని ఉన్నాయో తెలుసు. రెండూ కలిపి మాట్లాడుకున్నాకే బోరు బండికి అడ్వాన్స్ ఇవ్వమని చెప్పండి.