ఫోన్‌లో వ్రాసుకున్న అప్పు

దివిసీమ నుంచి ఒక సోదరుడు మొన్న బందరులో మమ్మల్ని కలిశారు. రొయ్యల చెరువు పొత్తులో భాగస్వామికి అప్పుగా ఇచ్చిన సొమ్ము తిరిగి రావడం లేదు. నోటు వ్రాయించుకోలేదు; మాటలన్నీ వాట్సాప్‌లోనే జరిగాయి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తీసి మా ముందు పరిచారు. అసలు ఫోన్ ఏదని అడిగాము. "పాతబడిందని గుడివాడలో ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను హజ్రత్" అన్నారు.

అప్పును గడువుతో సహా వ్రాసుకొని సాక్షులను పెట్టుకోమని బఖరా సూరాలోని 282వ ఆయత్ ఆదేశిస్తుంది. దివ్యఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్ అదే. ఏటా పిల్లలకు దానిని బోధిస్తున్నా, ఈ కాలపు వ్రాత ఫోన్‌లోకి చేరిందన్న సంగతి ఆ ప్రింట్లు చూసేదాకా మాకు తట్టలేదు.

న్యాయస్థానం దృష్టిలో ప్రింటు ఒక నకలు మాత్రమే. నకలును ఎవరైనా దిద్దవచ్చు. అందుకే 2014లో ఒక కేరళ ఎన్నికల వివాదంలో, ధ్రువపత్రం జతపరచని సీడీలను సుప్రీంకోర్టు సాక్ష్యంగా స్వీకరించలేదు. ఫోన్ యజమాని స్వయంగా ఆ ఫోన్‌నే తెచ్చి కోర్టు ముందుంచితే ధ్రువపత్రం అవసరం లేదని 2020లో మరో తీర్పులో స్పష్టం చేసింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి: ఒకటి సాక్ష్యం సమర్పించేవారిది, రెండవది నిపుణునిది. ఆ ఫైలు హాష్ సంఖ్యను అందులో నమోదు చేయాలి. దానిని ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. లోపల ఒక్క అక్షరం మారినా సంఖ్య మారిపోతుంది.

ఇది అప్పులకే పరిమితం కాదు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడిన మాటలను భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో హార్డ్‌డిస్క్ సమర్పించగా, అది చట్టవిరుద్ధమని, ఆమె గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తీర్పునిచ్చింది. అయితే దంపతుల మధ్య జరిగిన సంభాషణను ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. కోర్టు స్వీకరించినంత మాత్రాన ఇంట్లో గూఢచర్యం హలాల్ అయిపోదు. హుజురాత్ సూరా దానిని వారించింది. ఇల్లాలి మాటలను దొంగచాటుగా పట్టుకునే ఇంట్లో కాపురం అప్పటికే కోర్టు మెట్లెక్కినట్లు!

ఇక మన సోదరుని సంగతి. ఆయన ఫోన్ పోయినా, అవే సందేశాలు భాగస్వామి ఫోన్‌లో ఉండి ఉండాలి. ఎదుటి పక్షం వద్దనున్న పత్రాలను ప్రమాణపూర్వకంగా వెల్లడించి, కోర్టు ముందుంచేలా ఆదేశించమని కోరే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డర్‌లో ఉంది. ఆదేశాన్ని లెక్కచేయని ప్రతివాది వాదననే కోర్టు కొట్టివేయవచ్చు. ఒక న్యాయవాది అవనిగడ్డలో ఆ పిటిషన్ సిద్ధం చేస్తున్నారు. ఆ భాగస్వామి కూడా ఫోన్ మార్చి ఉండకూడదని మేము దుఆ చేస్తున్నాము.