అతిథికి తెలియని ఇల్లు

పదవీ విరమణ అనంతరం సొంత ఇంటిని యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చే ఆలోచన మన ఉద్యోగులలో అనేకులకు ఉన్నది. భీమునిపట్నం తీరంలోనో, అరకు లోయలోనో ఇల్లున్నవారికి అది గౌరవప్రదమైన ఆదాయమే. అయితే తాళంచెవిని అతిథి చేతికిచ్చే ముందు, ఆ ఇంటిలోని విద్యుత్ పరికరాలు సురక్షితంగా ఉన్నవో లేవో చూడవలసిన బాధ్యత యజమానిదేనన్న సంగతిని మనం తరచు విస్మరిస్తున్నాము.

ఇటీవల మా మిత్రులొకరు సముద్రతీరాన ఉన్న తమ ఇంటిని సెలవులకు వచ్చేవారికి ఇవ్వదలచి, ఒకసారి చూసి వెళ్ళమని మమ్ములను ఆహ్వానించారు. ఇల్లు ముచ్చటగా ఉన్నది. స్నానాల గదిలో గీజరును చూపుతూ, "స్విచ్చి ఆపిన తరువాతనే కుళాయి తిప్పాలండీ. లేకపోతే చిన్నగా షాకు కొడుతుంది. మా ఇంట్లో అందరికీ అలవాటే" అన్నారాయన. ప్లగ్గు ఊడదీసి చూశాము. ఎర్తు పిన్ను లేదు! పాత సాకెట్టులో పట్టలేదని ఎవరో కోసివేశారు.

ఆయన కుటుంబానికి అది అలవాటు. రాత్రి రైలు దిగి వచ్చి, తెల్లవారగానే బిడ్డకు స్నానం చేయించే తల్లికి ఆ అలవాటెక్కడిది? షాకు కొట్టే మోటారును మనం కర్మాగారంలో ఒక్క షిఫ్టు అయినా నడవనిస్తామా? లోపాన్ని గురించి హెచ్చరించడం కాదు, లోపాన్ని తొలగించడమే యజమాని ధర్మం.

ఇందుకు చేయవలసినవి కష్టసాధ్యాలు కావు. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. కనుక దానికి 6 ఆంపియర్ల సాకెట్టు చాలదు. తగిన మందం గల తీగతో 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. ఎం.సి.బి. ఉన్నదిగదా అని నిశ్చింతగా ఉండరాదు. అది ప్రధానంగా తీగలను కాపాడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు విద్యుత్తు కూడా చాలును. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. వెళ్ళిన విద్యుత్తుకూ తిరిగివచ్చిన విద్యుత్తుకూ తేడా రాగానే, రెప్పపాటులో అది సరఫరాను ఆపివేస్తుంది. ఎర్తు సక్రమంగా ఉంటే మనిషి ముట్టకముందే ఆ పని జరుగుతుంది. దానిపైనున్న టెస్టు బటనును నెలకొకసారి నొక్కి చూడాలి.

తీరప్రాంతాలలో ఉప్పుగాలికి ఎర్తు తీగలు, బిగింపులు త్వరగా తుప్పు పడతాయి. ఏటా ఒకసారి లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత ఎర్తును కొలిపించడం మంచిది. బకెట్టులో పెట్టే హీటరు రాడ్లను అద్దె ఇంటిలో అసలే ఉంచరాదు. మెయిన్ స్విచ్చి ఎక్కడున్నదో వచ్చినవారికి మొదటనే చూపించాలి.

మా మిత్రులు ఆ సాయంత్రమే గీజరు ప్లగ్గును తీసివేయించారు. వైరింగు, ఎర్తు సరిచేయించి, ఆర్.సి.సి.బి. అమర్చిన తరువాతనే మొదటి అతిథులకు తాళంచెవి ఇచ్చారు. అతిథులకు ఆ సంగతి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.