ఆకు రొట్టెను పొయ్యి దగ్గరే చూడండి

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచీ మా జి.మాడుగుల వైపు నేను చూసిన ప్రతి వంటల పోటీలోనూ చోడి కేకు కనిపిస్తోంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం కానివ్వండి, సెప్టెంబరులో పోషణ మాసం కానివ్వండి, టెంటు కింద బల్లలు వేసి, వంటకాలు పేర్చి మార్కులు వేస్తారు. మేం ఇంటిల్లిపాదీ వెళ్తాం. అమ్మాయిది కేకు, నావి సామ బిస్కెట్లు, మా అత్తమ్మది ఆకు రొట్టె. కట్టెలు, నిప్పుల సంగతి మా ఆయన చూసుకుంటాడు.

చోడి పిండితో, అంటే రాగి పిండితో కేకు నిలబెట్టడం తేలిక కాదు. గోధుమ పిండిలో నీళ్లు పోసి కలిపితే గ్లూటెన్ అనే జిగురు తయారవుతుంది. పొంగేటప్పుడు పుట్టే గాలి బుడగలను పట్టి ఉంచేది అదే. చోళ్లలో అది లేదు. అందుకే ఉత్త చోడి కేకు కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిపోతుంది. మా అమ్మాయి పిండిలో నాలుగో వంతు విడిగా తీసి, మరిగే నీళ్లు పోసి కలుపుతుంది. వేడికి పిండి ముద్దలా చిక్కబడుతుంది. చల్లారాక దాన్ని మిగతా పిండిలో వేసి, కోడిగుడ్డు, బాగా మగ్గిన అరటిపండు కలిపితే ముక్క ముక్కగా కోయొచ్చు. పెరుగూ వంటసోడా కలిశాక మాత్రం ఆలస్యం చేయకూడదు, పొంగు దిగిపోతుంది. మాకు ఓవెన్ లేదు. కుక్కరుకు గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి వేడెక్కనిచ్చి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్న సెగన ముప్పావుగంట ఉంచుతాం.

సామ బిస్కెట్లలో కష్టమంతా పిండికి ముందే. సామ గింజ పొట్టు గట్టిది. రోట్లో దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి. పల్లెల్లోకి చిన్న మరలు వస్తే ఆడవాళ్ల రెక్కలకు ఎంత సుఖమో దంచినవాళ్లకు తెలుసు.

అత్తమ్మ రొట్టెకు గిన్నె కూడా అక్కర్లేదు. చోడి పిండిని బెల్లం నీళ్లతో, అరటిపండుతో గట్టిగా కలిపి, రెండు పొరల అడ్డాకులో పొట్లం కడుతుంది. పొయ్యిలో మంట తగ్గి, నిప్పుల మీద బూడిద పట్టేదాకా ఆగుతుంది. అప్పుడు కింద కొన్ని నిప్పులు, పైన కొన్ని. ఆకులోని తడికి పిండి ఆవిరిలో ఉడుకుతుంది. పైఆకు మాడేకొద్దీ లోపల రొట్టె అంచు కాలి, బెల్లం ఎర్రబడుతుంది. ఒక్క పొట్లంలో ఉడకడమూ కాలడమూ రెండూ జరుగుతాయి. సరిహద్దు అవతల ఒడిశాలో జూన్‌లో రజ పండుగకు చేసే పొడొపిఠా దీనికి చుట్టమే. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసం మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ పొయ్యి చుట్టూ చేరతారు.

పోటీలో ఆ వాసనే ఉండదు. ఇంట్లో కాల్చి, ఆటోలో తెచ్చి, బల్ల మీద పెట్టి గంటసేపు కూర్చుంటే రొట్టె చల్లారి బిగుసుకుపోతుంది. చూసేవాళ్లకు కనిపించేది మాడిన ఆకు పొట్లం. పక్కనే జీడిపప్పు అద్దిన కేకు మెరుస్తుంటుంది. మా అమ్మాయి కేకుకు బహుమతి వస్తే నాకూ సంతోషమే. కానీ కొండ మీద తరాలుగా రొట్టె కాల్చిన చేతులను చల్లారిన పొట్లం చూసి తూచడం నాకు బాధగా ఉంది.

పోటీ జరిగే చోటే వండించడం కొత్తేమీ కాదు. 1949లో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ అమెరికాలో పెద్ద బేకింగ్ పోటీ పెట్టింది. తుది దశకు వచ్చినవాళ్లను న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌కు పిలిపించి, అక్కడే స్టవ్‌లు పెట్టించి వండించింది. 50,000 డాలర్ల మొదటి బహుమతి గెలిచిన గృహిణి థియొడోరా స్మఫీల్డ్. ఆవిడ పిండిని గుడ్డలో చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ఉంచి పొంగించి రొట్టెలు చేసింది. అలాంటి పనితనం పళ్లెంలో కనిపించదు, చేస్తుంటే చూడాలి. ఆకు రొట్టె కూడా అంతే.

పోటీలో వంటకం పక్కన పెట్టే పోషక విలువల చీటీ మా అమ్మాయి రాస్తుంది: 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, తెల్ల బియ్యంలో 10 దాకా. బాలింతలకు, ఎదిగే పిల్లలకు ఇది తెలియాల్సిందే. దాని కిందే గింజ ఏ చేనిదో, ఎవరు దంచారో, ఏ నిప్పు మీద కాలిందో కూడా రాయనిచ్చి, వాటికీ మార్కులు పెట్టమని నా విన్నపం.

వచ్చే పోటీకి నిర్వాహకులను ముందే అడగబోతున్నాం. టెంటుకు దూరంగా, గాలి వాలు చూసి, ఓ పొయ్యి పట్టేంత చోటు ఇస్తే చాలు. రాళ్లు, కట్టెలు, ఆర్పడానికి నీళ్లు మేమే తెచ్చుకుంటాం. న్యాయనిర్ణేతలు మాత్రం అత్తమ్మ ఆకు విప్పే వేళకు అక్కడికి రావాలి.