అమ్మ కుట్టిన నవల

అటక మీది ట్రంకుపెట్టె దించి చూడండి. అడుగున పాత పట్టుచీర, కుంకుమ భరిణె, వాటికింద అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండొచ్చు. ప్రచురణకర్త పేరుండదు. వెల ఉండదు. ఎక్కడ కొన్నారా అని ఆలోచించకండి. అది కొన్నది కాదు, ఇంట్లోనే తయారైంది!

1960ల నుంచి 80ల దాకా వారపత్రికలు చదివే ఎన్నో తెలుగిళ్లలో ఇలాంటి బైండు ఒకటైనా ఉండేది. నచ్చిన సీరియల్ మొదలైన వారం నుంచి పత్రికలు జాగ్రత్తగా దాచేవారు. చివరి భాగం రాగానే పిన్నులు ఊడదీసి, నవల పేజీలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టేవారు. మైదాపిండి ఉడికించి జిగురు. పాత క్యాలెండర్ అట్టే పుస్తకానికీ అట్ట. పేజీ వెనకవైపు ఏముంటే అదీ నవలతోపాటే వచ్చి చేరేది. ఇటు నాయిక కన్నీళ్లు పెట్టుకుంటుంటే, అటు తలనూనె ప్రకటన. అదృష్టం బాగుంటే ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' జవాబు ఒకటి, అదీ సగమే. అడిగిన ప్రశ్న ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు!

ఇంత శ్రమెందుకు, పుస్తకం కొనుక్కోవచ్చుగా అనిపిస్తుంది. పాలవాడికీ, పచారీ కొట్టుకూ పోగా మిగిలిన దాంట్లో ఇల్లాలు నవల కొనడమా? ఆ పత్రిక మాత్రం ఒక్క ఇంటిదా ఏమిటి! నాలుగు వాటాల ఇంట్లో ఒకరు తెప్పిస్తే నలుగురూ చదవాల్సిందే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వసారాలో చేరేవారు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేవారు. అక్షరం ముక్క రాని బామ్మకు కూడా యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం ఎవరో, జయంతి ఎందుకు అలిగిందో తెలుసు. సరిగ్గా ఉత్కంఠ దగ్గర 'సశేషం' అని పడేది. ఇక వారమంతా నూతి దగ్గర చర్చలే.

పత్రిక అందని వాళ్లకు అద్దె పుస్తకాల షాపులుండేవి. రోజుకు పావలానో అర్ధరూపాయో. మర్నాడు తిరిగివ్వాలి కాబట్టి రాత్రంతా మేలుకునైనా పూర్తిచేయాల్సిందే. 'ఆంధ్రభూమి'లో యండమూరి 'తులసిదళం' వచ్చే రోజుల్లో మాత్రం రాత్రిపూట చదవడానికి గుండె ధైర్యం కావాలి.

ఈ నవలలు ఆడపిల్లల్ని చెడగొడుతున్నాయని తిట్టిన పెద్దలకు లెక్కలేదు. లెక్కల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని దొరికిపోయిన వాళ్లకూ లెక్కలేదు. ఆరడుగుల హీరో, పెద్ద కారు, మేడ... ఇవన్నీ కలలేనన్న విమర్శ అబద్ధమేం కాదు. కానీ ఉద్యోగానికి వెళ్లి, డబ్బున్నవాడి ముందు తలవంచని జయంతి కూడా ఆ కలలోదే కదా! ఆ సంగతి తిట్టినవాళ్లు అంతగా పట్టించుకోలేదు. సినిమావాళ్లు మాత్రం ఈ పాఠకుల బలం ముందే గ్రహించారు. ఆంధ్రప్రభ పోటీలో బహుమతి పొందిన కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. 2016లో 'అ ఆ' చూసి, 'ఇది మా మీనా కథే!' అని పిల్లలకు విడమరిచి చెప్పిన అమ్మలు ఎంతమందో.

సులోచనారాణి 2018లో కన్నుమూశారు. ఆ సీరియల్స్ అచ్చేసిన పత్రికల్లో చాలావాటికి ఇప్పుడు మనుగడ లేదు. పేరున్న నవలలకు ఫర్వాలేదు, కొత్త ముద్రణలు దొరుకుతాయి. పుస్తకంగా రాకుండానే ఆగిపోయిన సీరియల్స్ సంగతే కష్టం. వాటికి మిగిలిన ప్రతి ఏ ఇంటి అటక మీదో ఉంటుంది. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకు ఇచ్చేటప్పుడు మొదట తూకానికి వెళ్లేవి ఇవే. కిలోల్లెక్కన పోయినవాటిలో కొన్ని, ఆదివారాలు హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదకొస్తాయి. మిగతావి పొట్లాలైపోతాయి.

అలాంటి బైండు చేతికొస్తే వెంటనే పక్కన పడేయకుండా లోపలి అట్ట తిప్పండి. ఎవరికి ఎప్పుడిచ్చారో పెన్సిల్‌తో రాసిన పద్దు కనిపించవచ్చు. పిన్నిగారు, ఎదురింటి టీచరమ్మ, పై వాటా కోడలు... తిరిగొచ్చినప్పుడల్లా పేరు మీద అడ్డగీత. కొన్నిట్లో ఇంకో విశేషం కూడా ఉంటుంది. ఏదో ఒక వారం పత్రిక అందకపోయి ఉంటుంది. పక్కింటి ప్రతి అడిగి తెచ్చుకుని, ఆ భాగమంతా రూళ్ల కాగితాల మీద చేత్తో ఎక్కించి మధ్యలో కుట్టేశారు. గుండ్రటి అక్షరాలు, అక్కడక్కడ కొట్టివేతలు, చివర 'సశేషం'తో సహా.