నేపుల్సులో నాలుగు పొయ్యిలు

బందరు పేరు చెబితే లడ్డు, ఆత్రేయపురం పేరు చెబితే పూతరేకులు గుర్తు రావడం మనకు అలవాటు. ఇటలీ దేశంలో దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉన్న నేపుల్సు నగరానికి అటువంటి ప్రసిద్ధి తెచ్చినది పిజ్జా. ఈ మాట తెలియని పిల్లలు ఇప్పుడు మన పట్టణాలలో లేరు. అయితే అట్టపెట్టెలో మన గుమ్మంలోకి వచ్చే పిజ్జాకూ, పుట్టింట్లో కనిపించే పిజ్జాకూ పేరులో తప్ప పోలిక తక్కువ.

గత వేసవి సెలవులలో మా ఆవిడా, నేనూ నేపుల్సులో నాలుగు రోజులున్నాము. పేరుమోసిన పిజ్జా అంగళ్లు నాలుగింటిని పోల్చి చూడాలని నా ముచ్చట. కాని బయలుదేరక ముందే ఒక చిక్కు వచ్చిపడింది. మా ఆవిడ శాకాహారి. పిజ్జా మీద వేసే మొజరెల్లా అనే జున్నులాంటి పదార్థం పాలతో చేసినదే కదా, అందులో అభ్యంతరమేమిటని మీరు అడగవచ్చు. ఆ పాలు విరగడానికి సంప్రదాయంగా వాడేది లేగదూడ కడుపు నుంచి తీసిన ద్రవ్యం. కంపానియా ప్రాంతపు గేదెపాల మొజరెల్లాకైతే నిబంధనలలోనే ఆ మాట రాసి ఉన్నది. ఆ గేదె మన గేదెకు దూరపు చుట్టమే అయినా, ఆ జున్ను మా ఆవిడకు పనికిరాలేదు.

“ఏమండీ, మీరు తినండి. నాకు నాలుగు పళ్లు చాలు” అన్నది. అంతదూరం తీసుకువెళ్లి మనిషిని పళ్లతో సరిపెట్టడం నాకు నచ్చలేదు.

ఆ చిక్కును తీర్చినది మరినారా. నావికుల పిజ్జా అని దాని అర్థం. పేరులో సముద్రం ఉన్నది గాని చేప లేదు. జున్ను అసలే లేదు. టమాటా గుజ్జు, వెల్లుల్లి రేకులు, ఒరెగానో ఆకు, ఆలివు నూనె, అంతే. ఆ ఆకు వాసన మన వామును తలపిస్తుంది.

“అయితే నాలుగు చోట్లా అదే తిందాము. అప్పుడు కదా ఎవరి చేయి ఎటువంటిదో తెలిసేది!” అన్నది మా ఆవిడ. ఆలోచిస్తే అంతకంటె సరైన తూకం లేదు. మన హోటలు పనితనం ఇడ్లీలో తెలిసినట్లుగా, పిజ్జా పనితనం మరినారాలో తెలుస్తుంది. పిండి సరిగా పులవకపోయినా, సెగ చాలకపోయినా కప్పిపుచ్చడానికి పైన జున్ను లేదు.

పిండి, నిప్పు

పిండి, నీరు, ఉప్పు, పులియజేసే ఈస్టు తప్ప నేపుల్సు పిజ్జా ముద్దలో మరేమీ కలపరాదు. నూనె చుక్క కూడా నిషిద్ధమే. 1984లో అక్కడ ఏర్పడిన సంఘమొకటి ఈ నియమాలను గ్రంథస్థం చేసింది. ముద్దను చేతితోనే సాగదీయాలి. అప్పడాల కర్ర తగలరాదు. వెడల్పు 35 సెంటీమీటర్లు మించరాదు. కట్టెల పొయ్యిలో నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడిమీద అది కాలడానికి 60 నుంచి 90 సెకనులు చాలు. అంచు పొంగి, అక్కడక్కడ మచ్చలు పడి, నడుమ మెత్తగా ఉండాలి. ఆ పనివాళ్లను పిజ్జాయువోలోలు అంటారు. వారి విద్యను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

మా పర్యటన

మొదట 1870 నాటి మికేలే అంగడికి వెళ్లాము. గుమ్మం దగ్గర చీటీ తీసుకుని, అంకె పిలిచేదాకా వీధిలో నిలబడాలి. తరతరాలుగా మరినారా, మార్గరీటా అనే రెండు రకాలతోనే పేరు తెచ్చుకున్న చోటు అది. వచ్చిన మరినారా పళ్లెం దాటి వేలాడుతున్నది. పలుచగా, తడిగా, టమాటా పులుపు ముందుకు తోసుకువస్తున్నది. మా ఆవిడ మాట్లాడకుండా సగానికి పైగా తిన్నది. అది మెప్పు కిందే లెక్క.

మరునాడు ట్రిబునాలీ వీధిలో 1936 నాటి డి మత్తేయోకు వెళ్లాము. 1994లో అగ్రరాజ్యాల సమావేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటను అక్కడ పిజ్జా తిన్నాడు. మేము లోపలికి పోకుండా వీధివైపు బల్ల దగ్గరే కొన్నాము. చిన్న పిజ్జాను నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చారు. డబ్బుసంచి మడత అని దాని పేరు. చొక్కా మీద నూనె పడకుండా తినడం ఒక విద్య. అంచు కరకరలాడింది, వెల్లుల్లి ఘాటు బాగా తెలిసింది.

మూడవది కియాయా వీధి మొగదల ఉన్న బ్రాందీ. పేరు చూసి కంగారు పడకండి, అది ఇంటిపేరు. 1889లో మార్గరీటా రాణికి రఫాయేలె ఎస్పోజితో అనే పనివాడు మూడు రంగుల పిజ్జా చేసిపెట్టాడనీ, దానికి రాణి పేరు పెట్టాడనీ చెప్పే ఫలకం 1989లో అక్కడ పెట్టారు. తులసి, మొజరెల్లా వేసిన పిజ్జాలు అంతకు ముందే పుస్తకాలకు ఎక్కినవని చరిత్రకారులంటారు. రాణి కథ ఎలా ఉన్నా మరినారా మాత్రం పొందికగా, సాత్వికంగా ఉన్నది.

నాలుగవది మతెర్దెయి పేటలోని స్టరీటా. 1901 నాటిది. అక్కడ వేయించిన పిజ్జాకు ప్రఖ్యాతి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పొయ్యిలు కూలి, సరుకులు ప్రియమైన రోజులలో, ఇళ్ల ముందు మూకుడు పెట్టి ఆడవాళ్లు పిండి వేయించి అమ్మేవారు. అప్పట్లో ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బిచ్చే వీలుండేది. “అప్పు రేపు” అని బోర్డు కట్టే మన కొట్లతో పోలిస్తే ఎంత ధర్మబుద్ధి! 1954లో వచ్చిన ‘నేపుల్సు బంగారం’ అనే చిత్రంలో సోఫియా లోరెన్ అటువంటి పిజ్జాలమ్మే యువతిగా నటించింది. ఆ రుచి నేను చూశాను. మా ఆవిడ మరినారానే అడిగింది. నాలుగింటిలో అంచు దూదిలా ఉన్నది ఇక్కడే.

నడుమ ఒక పూట మా బసకు దగ్గరగా ఉన్న మరొక కొట్టులోనూ తిన్నాము. గుమ్మంలో రంగుల బొమ్మలు, లోపల ముప్పై రకాలు. మరినారా కోరితే అడుగు మాడి, నడుమ పచ్చిగా వచ్చింది. పైన జున్ను దట్టంగా ఉండి ఉంటే ఆ సంగతి తెలిసేది కాదు.

మా తీర్పు

టమాటా రుచికి మికేలే, వీధి ఆకలికి డి మత్తేయో, తీరికగా కూర్చోవడానికి బ్రాందీ, పిండి పనితనానికి స్టరీటా. ఒక్కటే చెప్పమంటే నేను మికేలే అంటాను. మా ఆవిడ స్టరీటా అంటుంది. ఈ వ్యాజ్యం ఇంకా నడుస్తూనే ఉన్నది.

టమాటా అమెరికా నుంచి వచ్చిన కాయ. మన మిరపా అక్కడిదే. చేతిలో చిల్లర తప్ప లేని నేపుల్సు కూలీ రొట్టె మీద ఆ టమాటా రాసుకున్నాడు. మన రైతుకూలీ మిరపకాయ కారంతో అన్నం కలుపుకున్నాడు. ఆ బీదతిండిని ఆ ఊరివారు సిగ్గుపడి దాచలేదు, ఖరీదైన సరుకులతో కప్పలేదు. ధర సామాన్యుడికి అందేలా ఉంచి, పనితనం మీద పట్టు మాత్రం వదలలేదు. మన వీధి చివర అట్లు పోసే మనిషి చేతి విద్యకు కూడా ఆపాటి గౌరవం మనం ఇచ్చుకోవచ్చును.

నేపుల్సు వెళ్లే శాకాహారులకు ఒక మాట. ముందు మరినారా అడగండి. వేయించిన పిజ్జా కోరేటప్పుడు లోపల ఏమి కూరారో తప్పక విచారించండి. పందిమాంసపు తునకలు వేయడం అక్కడ ఆనవాయితీ. వెల్లుల్లి తిననివారైతే, అది లేకుండా చేయమని పిండి పొయ్యిలోకి పోకముందే చెప్పాలి. తొంభై సెకనుల తరువాత చెప్పి లాభం లేదు.