మాట ముందు, మోత తర్వాత: హోమ్ థియేటర్ రిసీవర్‌ను వాడుకునే తీరు

మా సంఘం హాలుకు ఒక దాత పెద్ద టీవీ, ఏవీ రిసీవర్, అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఇచ్చారు. పిల్లలకు పాఠాల వీడియోలు, ఆడవాళ్లకు ఆరోగ్య విషయాల వీడియోలు చూపించాలన్నది వారి కోరిక. మొదటి రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. బొమ్మ బాగుంది. శబ్దం గోడలు అదిరేలా ఉంది. పది నిమిషాలయ్యాక ముందు వరుసలో కూర్చున్న ఒక నానీ మమ్మల్ని దగ్గరికి పిలిచారు. "సౌండు గట్టిగానే వస్తోంది బేటా, ఆ డాక్టరమ్మ ఏం చెబుతోందో ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అన్నారు. వాల్యూమ్ పెంచాం. మోత పెరిగింది, మాట మాత్రం తేలలేదు.

సెట్టు బాగాలేదని, ఇంకా పెద్దది కొందామని కమిటీలో కొందరన్నారు. కొనాలంటే మళ్లీ దాతల గుమ్మం ఎక్కాలి. ఆ పని చేసే ముందు తాడేపల్లిగూడెం నుంచి సౌండు పని తెలిసిన ఒక కుర్రాడిని పిలిపించాం. అతను రిసీవర్ మూత కూడా విప్పలేదు. రిమోట్ తీసుకుని 'స్టేడియం' అని ఉన్న మోడ్ మార్చాడు. రిసీవర్‌తో పాటు మోగుతున్న టీవీ సొంత స్పీకర్లను ఆపాడు. టీవీ బల్ల కింది అరలో దూర్చి ఉన్న మధ్య స్పీకరును బయటికి తీసి, కూర్చున్నవాళ్ల ముఖాల వైపు ఎత్తి పెట్టాడు. అదే వీడియో మళ్లీ వేశాం. నానీ తల ఊపారు. సామాను మీద రూపాయి ఖర్చు కాలేదు.

ఆ రోజు చూసిందీ, తర్వాత మేం చదివి, చేసి చూసి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం. మన దాతల్లో చాలామంది ఇళ్లలో ఇలాంటి సెట్లు ఉన్నాయి. కొన్నవీ ఉన్నాయి, గల్ఫ్ నుంచి తెచ్చుకున్నవీ ఉన్నాయి. బిగించిన రోజు ఏ మోడ్‌లో పెట్టారో ఇప్పటికీ అదే మోడ్‌లో మోగుతున్నవే ఎక్కువ.

అయిదు స్పీకర్లు ఎందుకు?

ఆటపాక దగ్గర పడవ ఎక్కి కొల్లేటిలోకి వెళ్లినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఎదురుగా కూర్చున్నవారి మాట ముందు నుంచి వస్తుంది. రెండు పక్కల చెట్ల మీద పక్షుల సందడి ఉంటుంది. వెనక నీళ్ల చప్పుడు. కళ్లు మూసుకున్నా ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవికి తెలుస్తుంది. గదిలో ఆ అనుభవం కలిగించడానికి చేసిన ఏర్పాటే సరౌండ్ సౌండ్.

దీన్ని 5.1 అంటారు. ముందు ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు మూడు. వినేవారికి పక్కగా, కొంచెం వెనకగా రెండు. ఈ అయిదూ కాక, 120 హెర్ట్జ్‌కు లోపు ఉండే లోతైన శబ్దాల కోసం ప్రత్యేకంగా ఒక దారి ఉంటుంది. అది మోసేది పూర్తి శబ్దం కాదు గనుక దాన్ని పాయింట్ ఒకటిగా లెక్కిస్తారు. పిడుగులు, పేలుళ్లు ఆ దారిలో సబ్‌వూఫర్‌కు వెళతాయి.

సినిమాలో పాత్రల సంభాషణ దాదాపు అంతా మధ్య స్పీకరు నుంచే వస్తుంది. పక్క స్పీకర్లలో వచ్చేది వాన, జనం గోల, సంగీతం. అంటే మాట అర్థం కావడానికి అన్నిటికన్నా ముఖ్యమైనది మధ్య స్పీకరు. మన ఇళ్లలో చోటు చాలక అరలోకి నెట్టేదీ దాన్నే.

డిజిటల్ ఆడియో అంటే

శబ్దాన్ని అంకెలుగా రాసిపెట్టడమే డిజిటల్ ఆడియో. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీలో, సెకనుకు 44,100 సార్లు శబ్దం ఎత్తుపల్లాలను కొలిచి ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. ఎడమ, కుడి రెండిటికీ కలిపి సెకనుకు దాదాపు 14 లక్షల బిట్లు. ఏమీ తీసేయకుండా ఇలా రాసినదాన్ని పీసీఎం అంటారు. వీడియోలలో మామూలుగా సెకనుకు 48,000 కొలతలు ఉంటాయి.

ఆరు దారుల శబ్దాన్ని ఇదే పద్ధతిలో రాస్తే సినిమా రీలు మీదా, డీవీడీ మీదా చోటు చాలదు. అందుకే డాల్బీ డిజిటల్, డీటీఎస్ వచ్చాయి. ఏలూరు స్టేషన్‌లో ప్లాట్‌ఫాం పక్క నుంచి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే పక్కవారి గుసగుస మనకు వినపడదు. పెద్ద శబ్దం చాటున చెవికి అందని చిన్న శబ్దాలను రాయడం ఎందుకన్నదే ఈ పద్ధతుల కిటుకు. డీవీడీ మీద 5.1 డాల్బీ డిజిటల్ తరచు సెకనుకు 4,48,000 బిట్లలో సరిపోతుంది. సీడీలో రెండు దారులకు పట్టేదానిలో ఇది మూడో వంతు కూడా కాదు. డీటీఎస్ మామూలుగా ఇంతకన్నా ఎక్కువ బిట్లు వాడుకుంటుంది. డాల్బీ డిజిటల్ 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో, డీటీఎస్ 1993లో 'జురాసిక్ పార్క్'తో థియేటర్లకు వచ్చాయి.

డాల్బీ అన్నది ఒక మనిషి పేరు. అమెరికా ఇంజినీరు రే డాల్బీ 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితి తరఫున సాంకేతిక సలహాదారుగా మన దేశంలోనే, చండీగఢ్‌లో పనిచేశారు. ఆ తర్వాత లండన్ వెళ్లి 1965లో తన సంస్థ పెట్టారు.

తీగ దగ్గరే సగం పని

రిసీవర్ తనకు అందినదాన్నే విప్పగలదు. రెండు దారుల శబ్దం అందితే ఆరు దారుల అసలు శబ్దం దానికి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ముందు తీగ చూడాలి.

ఎరుపు, తెలుపు పిన్నుల తీగ పాత పద్ధతిది. అందులో స్టీరియో మాత్రమే వస్తుంది. ఆప్టికల్ తీగ కొసన ఎర్రటి వెలుగు కనపడుతుంది. అందులో స్టీరియో పీసీఎం గానీ, 5.1 డాల్బీ డిజిటల్ లేక డీటీఎస్ గానీ వెళుతుంది. ఒకే పిన్ను ఉండే కోయాక్సియల్ తీగ పనీ అంతే. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మా, శబ్దమూ కలిసి వెళతాయి. టీవీ మీద 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న రంధ్రానికీ, రిసీవర్ మీద అదే పేరున్న రంధ్రానికీ హెచ్‌డీఎంఐ తీగ కలిపితే, టీవీలో వచ్చే శబ్దం ఆ తీగలోనే రిసీవర్‌కు తిరిగి వస్తుంది.

తరువాత టీవీలో సౌండు సెట్టింగులు తెరిచి 'డిజిటల్ అవుట్‌పుట్' అన్నచోట చూడండి. 'పీసీఎం' అని ఉంటే టీవీ 5.1 శబ్దాన్ని మామూలుగా రెండు దారులకు కుదించి పంపుతుంది. 'బిట్‌స్ట్రీమ్' లేక 'ఆటో' అని మార్చితే ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. సెట్‌టాప్ బాక్సులోనూ, డీవీడీ ప్లేయర్‌లోనూ ఇదే సెట్టింగు ఉంటుంది. 5.1 సినిమా పెట్టినప్పుడు రిసీవర్ ముఖం మీద 'డాల్బీ డిజిటల్' లేక 'డీటీఎస్' అని వెలిగితే దారి సరిగా ఉన్నట్టే. చివరగా టీవీ సొంత స్పీకర్లు ఆపేయండి. రెండూ కలిసి మోగితే ఒకే మాట కొద్ది తేడాతో రెండుసార్లు వినపడి అలుక్కుపోతుంది.

మోడ్‌లలో ఏది ఎప్పుడు?

రిమోట్ మీద ఇరవై మోడ్‌లు ఉన్నా, వాటి రకాలు అయిదే.

మొదటిది, వచ్చినదాన్ని వచ్చినట్టు విప్పేది. 5.1లో వచ్చిన సినిమాకు డాల్బీ డిజిటల్ లేక డీటీఎస్ మోడ్ చాలు. ఇంకేదీ కలపనవసరం లేదు.

రెండవది, రెండు దారుల శబ్దాన్ని అయిదుకు పంచేది. పాత రిసీవర్లలో దీన్ని 'ప్రో లాజిక్ 2' అనీ, 'నియో 6' అనీ, కొత్తవాటిలో 'డాల్బీ సరౌండ్' అనీ, 'న్యూరల్ ఎక్స్' అనీ రాస్తారు. ఎడమ, కుడి రెండిటిలోనూ ఒకేలా ఉన్న శబ్దాన్ని ఇది గుర్తుపట్టి మధ్య స్పీకరుకు పంపుతుంది. మాట సాధారణంగా అలాగే రికార్డవుతుంది గనుక అది ముందుకు తేలుతుంది. వార్తలు, పాఠాలు, ప్రసంగాలు, పాత సినిమాల స్టీరియో ప్రింట్లకు ఇది మంచిది. అందులో 'మూవీ', 'మ్యూజిక్' అని రెండు ఉంటే మాటకు 'మూవీ' పెట్టండి. మా హాలులో ఇప్పుడు ఉన్నది ఇదే.

ఇక్కడ ఒక సందేహం చాలామందికి వస్తుంది. రఫీ, ఘంటసాల పాత పాటలు పెడితే మధ్య స్పీకరు ఒక్కటే మోగుతుంది, మిగతావి చచ్చిపోయాయేమోనని కంగారు పడతారు. ఆ కాలపు సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డయ్యాయి. రెండు దారులలోనూ ఒకే శబ్దం ఉంది గనుక ఈ మోడ్ మొత్తాన్ని మధ్యకు పంపుతుంది. సెట్టు చెడిపోలేదు. పాటలకు 'స్టీరియో' మోడ్ పెట్టుకోండి.

మూడవది, ఆ స్టీరియోనే. ముందున్న రెండు స్పీకర్లు, సబ్‌వూఫర్ మోగుతాయి. పాటలు, గజళ్లు, సీడీలకు ఇదే సరి. 'డైరెక్ట్' అనే మోడ్‌లో బాస్, ట్రెబుల్ సవరింపులు కూడా పక్కన పెట్టేస్తుంది.

నాలుగవది, 'ఆల్ ఛానల్ స్టీరియో'. అన్ని స్పీకర్లలో ఒకే శబ్దం. పెళ్లి విందుకో, వచ్చినవారు ఇల్లంతా తిరిగే రోజుకో పనికొస్తుంది. కూర్చుని వినడానికి కాదు.

అయిదవది, 'హాల్', 'స్టేడియం', 'జాజ్ క్లబ్' లాంటివి. ఇవి శబ్దానికి కావాలని ప్రతిధ్వని కలుపుతాయి. షాపులో వినిపించినప్పుడు గొప్పగా ఉంటాయి. మా నానీకి మాట అందకుండా చేసింది ఈ రకమే. అసలే మారుమోగే హాలులో మేం మరో స్టేడియం కలిపాం.

గది, తివాచీ, దూరాలు

ఏ మోడ్ పెట్టినా గది తన మాట తాను కలుపుతుంది. టైల్స్ నేల, సున్నం గోడలు, శ్లాబు పైకప్పు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. ఒక మాట పూర్తిగా ఆరకముందే ఇంకో మాట వచ్చి దాని మీద పడుతుంది. దీనికి మందు మన ఊళ్లోనే ఉంది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం కుటుంబాలు ఏలూరులో ఉన్ని తివాచీల నేత మొదలుపెట్టాయని చెప్పుకుంటారు. స్పీకర్లకూ, కూర్చునేవారికీ నడుమ నేల మీద దళసరి తివాచీ పరిచి, కిటికీలకు బరువైన పరదాలు కడితే మాటను చెరిపే ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. బాస్ మోత మాత్రం తివాచీకి లొంగదు. సబ్‌వూఫర్ మూలలో ఉండి గుయ్యిమంటుంటే గోడల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపి చూడండి.

తర్వాత రిసీవర్ మెనూలో స్పీకర్ల దూరాలు ఇవ్వండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. పక్క స్పీకరు మీకు మీటరున్నర దూరంలో, ముందుది మూడున్నర మీటర్లలో ఉంటే, పక్కది 6 మిల్లీసెకన్లు ముందే చెవిని చేరుతుంది. దూరాలు టేపుతో కొలిచి ఇస్తే రిసీవరే దాన్ని ఆపి సరిచేస్తుంది. చిన్న స్పీకర్లయితే సైజు 'స్మాల్' అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని పెడితే లోతైన శబ్దాల బరువు వాటి మీద పడకుండా సబ్‌వూఫర్‌కు వెళుతుంది. టెస్ట్ టోన్ వేసి, కూర్చునే చోట అయిదూ ఒకే స్థాయిలో వినపడేలా చూడండి. పెద్దవాళ్లున్న ఇంట్లో మధ్య స్పీకరును మరో 2 లేక 3 డెసిబెల్స్ పెంచడం మేలు.

తీగల్లో ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలిసిందో లేదో చూడండి. ముందున్న రెండిటిలో ఒకటి తిరగబడితే స్టీరియోలో గొంతు నడుమ నిలవదు, బాస్ పలచబడుతుంది. తేమ ఎక్కువగా ఉండే కొల్లేటి ఊళ్లలో రాగి కొసలు నల్లబడతాయి. వానాకాలం పోయాక ఒకసారి కొసలు కొత్తగా చెక్కి బిగించుకోవాలి.

రాత్రి పూట

సినిమాలో మాట చిన్నగా, ఫైటింగు పెద్దగా ఉంటుంది. మాట కోసం వాల్యూమ్ పెంచుతాం, ఫైటింగు రాగానే నిద్రపోయే పిల్లలు లేస్తారు. దీనికోసమే 'నైట్ మోడ్' ఉంది. కొన్ని సెట్లలో దాన్ని 'డీఆర్‌సీ' అంటారు. పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి తెల్లవారి 6 వరకు. గోడ అవతల జబ్బుతో ఉన్నవారో, పరీక్షకు చదివే పిల్లలో ఉండవచ్చు. హద్దు చెప్పినా చెప్పకపోయినా పొరుగువారి హక్కు మన మీద ఉంది.

దాతలకు మా మనవి

హాలులో ఇప్పుడు రిసీవర్ పక్క గోడ మీద ఒక కాగితం అతికించాం. పాఠాలకు ఏ మోడ్, సినిమాకు ఏది, పాటకు ఏది, వాల్యూమ్ ఎంత అన్నది పెద్ద అక్షరాలలో రాశాం. ఎవరు తెరిచినా అదే చూసి పెడుతున్నారు. ఇకపై బడికో, హాలుకో ఇలాంటి సామాను ఇచ్చేవారు, దాన్ని బిగించి వాడకం నేర్పే మనిషి ఒక పూట పనికి కూడా కొంత పక్కన పెట్టమని కోరుతున్నాం. అది లేకే మా దాత ఇచ్చిన మంచి సామాను కొన్నాళ్లు వట్టి మోతగా మిగిలింది.

ఇంట్లో సెట్టు ఉన్నవారు కొత్తది కొనే ఆలోచన చేసే ముందు ఒక గంట కూర్చుని తీగ, టీవీ సెట్టింగు, మోడ్, మధ్య స్పీకరు, ఈ నాలుగూ చూసుకోండి. తర్వాత ఇంట్లో పెద్ద వయసువారిని ఎదురుగా కూర్చోబెట్టి, వార్తలు పెట్టి, "మాట అర్థమవుతోందా?" అని అడగండి. వారు అవునంటే మీ సెట్టు సరిగా ఉన్నట్టే.